నూట యాభై గుంజీలు... నూట అరవై రోజులు!

చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పకపోతే మాస్టారు ఎన్ని గుంజీలు తీయించేవారో గుర్తుందా? పది... మహా అయితే పాతిక. పొరపాటున యాభై తీయించారంటే మర్నాడు మెట్లు దిగలేక గోడ పట్టుకుని నడిచినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. అలాంటివి రోజుకు నూట యాభై! అదీ ఛాతీకి, మోకాళ్లకు, మొహానికి కవచాలు కట్టుకుని, మిట్టవేసవిలో. ఒక్కరోజు కాదు, మార్చి నెలాఖరులో మొదలుపెడితే సెప్టెంబరు నెలాఖరు దాకా దాదాపు ప్రతిరోజూ. పైగా కూర్చున్న ప్రతిసారీ గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంతో ఓ బంతి మొహం మీదికి దూసుకొస్తుంది. దాన్ని ఒడుపుగా పట్టాలి.

బేస్‌బాల్‌లో క్యాచర్ ఉద్యోగం ఇదే.

మన క్రికెట్‌లో వికెట్‌కీపర్‌కు ఇతను వరసకు అన్న అవుతాడు. బంతి విసిరేవాడు పిచ్చర్. బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని దాన్ని అందుకునేవాడు క్యాచర్. గుంటూరు నుంచి వెళ్లిన ఎమ్మెస్కే ప్రసాద్‌నో, విశాఖ కుర్రాడు కె.ఎస్.భరత్‌నో టెస్టుల్లో చూసినవాళ్లకు కీపింగ్ కష్టం తెలియంది కాదు. రోజంతా ఫీల్డింగ్ చేస్తే 90 ఓవర్లు, అంటే 540 సార్లు కూర్చుని లేవాలి. లెక్కకు చూస్తే అదే ఎక్కువ. కానీ టెస్టులు ఏడాదికి ఎన్ని? పది, పన్నెండు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆ తర్వాత అక్టోబరులో అసలు పరీక్ష... ప్లేఆఫ్స్, వరల్డ్ సిరీస్.

ఇక్కడో తమాషా ఉంది. ఆ బంతులు విసిరే స్టార్టింగ్ పిచ్చర్‌కు ఒక మ్యాచ్ ఆడితే నాలుగైదు రోజులు విశ్రాంతి. భుజం అరిగిపోతుందని అంత జాగ్రత్త. మరి ఆ బంతుల్ని పట్టేవాడికో? ఇవాళ ఒక పిచ్చర్, రేపు ఇంకో పిచ్చర్, ఎల్లుండి మరొకరు. మారుతున్నది వాళ్లు. కూర్చున్నది మాత్రం ఇతనే.

క్యాచర్ కవచాలకు అమెరికాలో ఓ పాత ముద్దుపేరు ఉంది. 'అజ్ఞానపు పనిముట్లు' అంటారు. 1920లలో ఆడిన మడ్డీ రూయల్ అనే క్యాచర్ ఈ మాట పుట్టించాడని చెబుతారు. ఆయన లా చదివిన మనిషి. కోర్టులో నల్లకోటు వేసుకోవాల్సినవాడు ఈ తొడుగులు వేసుకుని దుమ్ములో కూర్చోవడమేమిటని తనను తానే వెక్కిరించుకున్నాడన్నమాట.

కూర్చోవడంలో కష్టమేముంది?

గొంతుక్కూర్చోవడం మనకు కొత్తేం కాదు కదా అనిపించవచ్చు. నిజమే. మన పెద్దవాళ్లు అరుగు మీద అలా కూర్చుని గంటలకొద్దీ కబుర్లు చెప్పగలరు. అయితే అది విశ్రాంతిగా కూర్చోవడం. మడమలు నేలకు ఆనతాయి, బరువంతా కిందికి జారి కుదురుకుంటుంది. క్యాచర్‌కు అలా కుదరదు. బేస్ మీద ప్రత్యర్థి ఆటగాడు ఉన్నాడంటే ఏ క్షణాన్నయినా పరుగెత్తవచ్చు. అందుకని మడమలు లేపి, తొడలు బిగించి, సగం కూర్చుని సగం లేచినట్టు ఉండాలి. వాడు కదిలాడా... బంతిని అందుకుని, లేచి, దాదాపు 39 మీటర్ల దూరంలోని రెండో బేస్‌కు విసరాలి. అందుకోవడం దగ్గర్నుంచి అవతలివాడి చేతిలో పడేదాకా మొత్తం రెండు సెకన్లు. అంతకు పదోవంతు ఆలస్యమైనా వాడు బతికిపోతాడు.

ఇది కాక చిల్లర పనులు బోలెడు. పట్టిన ప్రతి బంతినీ తిరిగి పిచ్చర్‌కు విసరాలి. బ్యాటరు బంతిని నేలబారుగా కొడితే, ఎందుకైనా మంచిదని ఆ కవచాలతోనే మొదటి బేస్ వైపు పరుగెత్తాలి. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ పరుగు వృథా. తర్వాత మళ్లీ వచ్చి కూర్చోవాలి. బ్యాటు అంచు తాకి దిశ మారిన బంతులు బొటనవేలికి, గొంతుకు, మాస్కుకు తగులుతాయి. మినసోటా ట్విన్స్ క్యాచర్ జో మావర్ అమెరికన్ లీగ్ బ్యాటింగ్ కిరీటాన్ని మూడుసార్లు గెలిచినవాడు. 2013 ఆగస్టులో ఇలాంటి దెబ్బలకే మెదడు అదిరింది. మరుసటి ఏడాది నుంచి క్యాచర్ మాస్కు పక్కనపెట్టి మొదటి బేస్ దగ్గరికి మారిపోవాల్సి వచ్చింది. అప్పటికి అతని వయసు ముప్ఫై.

ఇక చెమట. రెంటచింతల ఎండ తెలిసినవాళ్లకు టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ ఎండ గురించి చెప్పనక్కర్లేదు. జులై, ఆగస్టుల్లో 38 డిగ్రీలు దాటడం అక్కడ మామూలే. 2020లో పైకప్పున్న కొత్త స్టేడియం వచ్చేదాకా టెక్సస్ రేంజర్స్ ఆ ఎండలోనే ఆడింది. ప్యూర్టోరికో నుంచి వచ్చిన ఇవాన్ రోడ్రిగ్స్ ఆ మైదానంలోనే పేరు తెచ్చుకున్నాడు. కెరీర్ మొత్తం మీద 2,427 మ్యాచ్‌ల్లో క్యాచర్‌గా నిలిచి రికార్డు సృష్టించాడు. అన్ని మ్యాచ్‌లు ఆడినవాడి మోకాళ్లు ఏ లోహంతో చేశారో!

అలసట మోకాలిలో కనిపించదు

ఇంతకీ క్యాచర్ అలసిపోయాడని ఎలా తెలుస్తుంది? కుంటుతాడా? నొప్పని చెబుతాడా? చెప్పడు. 'ఎలా ఉంది?' అని మేనేజరు అడిగితే క్యాచర్ల జవాబు వందేళ్లుగా ఒక్కటే... బాగానే ఉంది!

అలసట ముందు బ్యాటులో కనిపిస్తుంది. బేస్‌బాల్‌లో బంతి కొట్టే బలం చేతుల్లోది కాదు. కాళ్లలో పుట్టి నడుములోంచి పైకి వస్తుంది. కాళ్లు బరువెక్కితే బ్యాటు వేగం తగ్గుతుంది. తగ్గిన వేగాన్ని సరిచేసుకోవడానికి ఆటగాడు తొందరపడతాడు. తొందరపడితే ఏ బంతిని కొట్టాలో, ఏది వదిలేయాలో చూసుకునే వ్యవధి ఉండదు. వదలాల్సిన బంతుల వెంట పడతాడు. ఇందులో నిద్ర పాత్ర కూడా తక్కువేం కాదు. రాత్రి పదింటికి మ్యాచ్ ముగుస్తుంది, అక్కణ్నుంచి విమానం, ఏ రెండింటికో మూడింటికో కొత్త ఊళ్లో హోటలు గది. మర్నాడు మళ్లీ మ్యాచ్. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012 సీజన్‌ను పరిశీలించి మరుసటి ఏడాది ఓ సంగతి బయటపెట్టారు. 30 జట్లలో 24 జట్ల బ్యాటర్లు ఏప్రిల్‌లో కంటే సెప్టెంబరులో వదలాల్సిన బంతుల వెంట ఎక్కువగా పడ్డారట. ఆరు నెలలు ఆడితే చూపు పదునెక్కాలి కదా? తిరగబడింది! అది అన్ని స్థానాల ఆటగాళ్ల లెక్క. రోజూ నూట యాభైసార్లు కూర్చుని లేచేవాడి సంగతి వేరే చెప్పాలా?

చెప్పడానికి కాన్సస్ సిటీ రాయల్స్ క్యాచర్ సాల్వడార్ పెరెజ్ ఉన్నాడు.

వెనిజులాలోని వలెన్సియా అతనిది. ఆరడుగుల మూడంగుళాల భారీ మనిషి. అంత ఎత్తున్నవాడు అంత కిందికి కూర్చోవడమే ఓ వింత. 2014లో అతనికి 24 ఏళ్లు. ఆ సీజన్‌లో 150 మ్యాచ్‌లు ఆడాడు. జులై తర్వాత అతని బ్యాటింగ్ జారిపోవడం మొదలైంది. ముందు నెలల్లో వదిలేసిన బంతుల్ని కూడా ఆడబోయి చిక్కుకున్నాడు. అయినా విశ్రాంతి దొరకలేదు. 29 ఏళ్ల తర్వాత రాయల్స్‌కు ప్లేఆఫ్స్‌లో చోటు దక్కే ఏడాది అది. అతన్ని కూర్చోబెట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది?

సెప్టెంబరు 30న ఓక్లాండ్‌తో నాకౌట్ మ్యాచ్. పెరెజ్ ఐదుసార్లు బ్యాటింగ్‌కు వచ్చి ఐదుసార్లూ విఫలమయ్యాడు. పన్నెండో ఇన్నింగ్స్‌లో ఆరోసారి వచ్చాడు. వదిలేయాల్సిన బంతే... బయటికి పోతున్నదాన్ని బ్యాటు చాచి ఎలాగో మూడో బేస్ పక్కనుంచి తోసేశాడు. గెలుపు! ఆ రాత్రి అతను ఊరికి దేవుడు. అదే అలవాటు నెల తర్వాత వేరే ఫలితం ఇచ్చింది.

అక్టోబరు 29. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, కాన్సస్ సిటీలోనే. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ 3, రాయల్స్ 2. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో చిట్టచివరి అవకాశం. స్కోరు సమం చేయాల్సిన అలెక్స్ గోర్డన్ మూడో బేస్ మీద నిలబడి ఉన్నాడు. బ్యాటు పెరెజ్ చేతిలో. అదే మ్యాచ్‌లో రెండో ఇన్నింగ్స్‌లో బంతి బలంగా తగిలి ఎడమ తొడ వాచిపోయింది. సీజను, ప్లేఆఫ్స్ కలిపి 150కి పైగా మ్యాచ్‌లను క్యాచర్‌గా మొదలుపెట్టిన కాళ్లవి. ఎదురుగా జెయింట్స్ ఎడమచేతి పిచ్చర్ మాడిసన్ బమ్‌గార్నర్. అతనికి కిటుకు తెలుసు. అన్నీ ఎత్తుగా, వేగంగా, ఆశపెట్టే బంతులే వేశాడు. పెరెజ్ ఆగలేకపోయాడు. ఆరో బంతి గాల్లోకి లేచింది. మూడో బేస్ పక్కన పాబ్లో శాండొవాల్ దాన్ని పట్టుకుని అలాగే వెల్లకిలా పడిపోయాడు. ఆట ముగిసింది.

అలసట వల్లే ఓడారని ఎవరూ తేల్చిచెప్పలేరు. బమ్‌గార్నర్ ఆ అక్టోబరులో ఎవరికీ కొరుకుడుపడలేదు. ఏప్రిల్‌లోని పెరెజ్ అయితే ఆ బంతుల్ని వదిలేసేవాడా? కాన్సస్ సిటీలో ఆ చలికాలమంతా నడిచిన చర్చ అదే.

బద్దలుకాని రికార్డు

అతిగా ఆడించడంలో అందరికంటే పెద్ద కథ షికాగోది. 1968లో షికాగో కబ్స్ క్యాచర్ రాండీ హండ్లీ ఒకే సీజన్‌లో 160 మ్యాచ్‌ల్లో క్యాచర్‌గా నిలిచాడు. మొత్తం మ్యాచ్‌లు 162. ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ దాటలేదు. దాటాలని ఎవరూ ఆశపడటమూ లేదు.

అప్పటి మేనేజరు లియో డ్యురోషర్ పాతకాలపు మొండి మనిషి. బాగా ఆడేవాడు రోజూ ఆడాలి, అంతే! 1969లోనూ అదే తీరు. హండ్లీ ఆ ఏడాది 151 మ్యాచ్‌ల్లో క్యాచర్. పైగా కబ్స్ సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో 1988 ఆగస్టు దాకా ఫ్లడ్‌లైట్లే లేవు. వేరే ఊళ్లలో రాత్రి ఆడి, ఇంటికొచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడాలి. ఆగస్టు మధ్యలో కబ్స్ తమ విభాగంలో తిరుగులేని ఆధిక్యంలో ఉంది. ఊరంతా పండగ. సెప్టెంబరు వచ్చింది. వరుసగా ఎనిమిది మ్యాచ్‌లు ఓడింది. వెనకెక్కడో ఉన్న న్యూయార్క్ మెట్స్ దాటుకుపోయి, ఎనిమిది మ్యాచ్‌ల తేడాతో విభాగం గెలిచి, ఆఖరికి వరల్డ్ సిరీస్ కూడా ఎత్తుకుపోయింది.

ఆ పతనానికి కారణాలు ఒకటి కాదు. షికాగోలో నల్లపిల్లి కథ కూడా చెబుతారు. న్యూయార్క్‌లో ఆడుతుంటే ఓ నల్లపిల్లి మైదానంలోకి వచ్చి కబ్స్ ఆటగాళ్ల ముందు తిరిగిందట! పిల్లిని తిట్టడం తేలిక. కానీ మూడేళ్లుగా ఏటా 150కి తగ్గకుండా మ్యాచ్‌ల్లో గొంతుక్కూర్చున్న హండ్లీ మోకాళ్లకు ఆ తర్వాత ఏమైందో చూస్తే పిల్లిని వదిలేయవచ్చు. 1970లో గాయాలు మొదలయ్యాయి, సగానికి పైగా సీజన్ పోయింది. 1971లో ఆడింది తొమ్మిదంటే తొమ్మిది మ్యాచ్‌లు. అప్పటికి అతనికి ముప్ఫై కూడా నిండలేదు. మళ్లీ వచ్చాడు, ఆడాడు. కానీ ఆ పాత హండ్లీ తిరిగి రాలేదు. విచిత్రం ఏమిటంటే అతని కొడుకు టాడ్ కూడా క్యాచరే. తండ్రి కలను చెదరగొట్టిన మెట్స్‌కే ఆడి 1996లో 41 హోమ్‌రన్లు కొట్టాడు. మరుసటి ఏడాదే మోచేతి శస్త్రచికిత్స బల్ల ఎక్కాడు. అలాంటి దెబ్బలకు ఆ ఇంట్లో కొత్తేముంది!

అదే తరంలో సిన్సినాటి రెడ్స్ క్యాచర్ జానీ బెంచ్ ఇంకో ఉదాహరణ. హండ్లీ రికార్డు పెట్టిన 1968లోనే ఇతను ఇరవై ఏళ్ల వయసులో 154 మ్యాచ్‌ల్లో క్యాచింగ్ చేశాడు. క్యాచర్లందరిలో మేటి ఎవరంటే నేటికీ ఎక్కువమంది చెప్పే పేరు అతనిదే. 1981 వచ్చేసరికి ఇక రోజూ కూర్చోలేనని తనే చెప్పేశాడు. 35 ఏళ్లకు ఆట మానేశాడు.

ఆ రోజుల్లో అలసటకు ఓ రహస్య మందుండేది. ఆంఫెటమైన్ మాత్రలు. ఆకుపచ్చగా ఉండేవి కాబట్టి ఆటగాళ్లు 'గ్రీనీస్' అని పిలుచుకునేవాళ్లు. మ్యాచ్‌కు ముందు కాఫీ తాగినట్టు వేసుకునేవాళ్లు చాలామంది. మాత్ర అలసటను తీసేయదు, అలసిపోయామన్న స్పృహను మాత్రం తీసేస్తుంది. శరీరం పెట్టే బిల్లు తర్వాత ఎప్పుడో వస్తుంది. 2006 సీజన్ నుంచి మేజర్ లీగ్ వీటికి పరీక్షలు మొదలుపెట్టి శిక్షలు ప్రకటించింది. దాంతో ఆగస్టు, సెప్టెంబరుల్లో అలసట ముసుగు తొలగి బయటపడింది. విశ్రాంతి, నిద్ర, తిండి, వ్యాయామం... జట్లన్నీ వీటి మీద శ్రద్ధ పెంచడానికి ఇదీ ఓ కారణం.

అర్ధరాత్రి బరువులెత్తిన ఫిస్క్

వ్యాయామం గురించి చెప్పాలంటే కార్ల్‌టన్ ఫిస్క్ దగ్గర ఆగాల్సిందే. 1984 మేలో షికాగో వైట్‌సాక్స్, మిల్వాకీ మధ్య రెండు రోజులపాటు సాగిన 25 ఇన్నింగ్స్ మ్యాచ్‌లో మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా క్యాచర్ అతనే. ఎనిమిది గంటల ఆరు నిమిషాలు! వయసు 36. గాయాలతో ఆ ఏడాది దెబ్బతిన్నాడు. ఇక అయిపోయాడని అందరూ అనుకున్నారు. ఫిస్క్ మాత్రం బరువులెత్తడం మొదలుపెట్టాడు. రాత్రి మ్యాచ్ ముగిశాక మిగతావాళ్లు భోజనానికి వెళ్తుంటే అతను జిమ్‌కు వెళ్లేవాడు. మరుసటి ఏడాది, 37 ఏళ్ల వయసులో 37 హోమ్‌రన్లు కొట్టాడు. 1993లో మానేసేనాటికి వయసు 45. అతని 2,226 మ్యాచ్‌ల రికార్డును 2009లో రోడ్రిగ్స్ దాటేదాకా ఎవరూ తాకలేదు.

అర్ధరాత్రి జిమ్ ఫిస్క్‌కు పనికొచ్చింది. అందరికీ పనికొస్తుందనుకుంటే మాత్రం పొరపాటే. ఇవాళ్టి శిక్షకులు మ్యాచ్ తర్వాతి నిద్రకే ఎక్కువ విలువిస్తారు. వాళ్ల ప్రకారం క్యాచర్ దేహాన్ని కట్టాల్సింది నవంబరు నుంచి జనవరి మధ్యలో. ఫిబ్రవరి మధ్యకల్లా శిక్షణ శిబిరాలు తెరుస్తారు. అక్కడికి అందరికంటే ముందు వెళ్లేది పిచ్చర్లు, క్యాచర్లే. అమెరికన్లకు అది వసంతం వస్తోందన్న కబురు, మనకు కోయిల కూతలాగా. డజన్లకొద్దీ పిచ్చర్లు చేతులు సవరించుకుంటుంటే ఆ బంతులన్నీ పట్టేవాళ్లు కావాలి కదా! అంటే లెక్కకురాని కూర్చోవడాలు అక్కడే మొదలవుతాయి.

చలికాలపు వ్యాయామంలో మోకాలిని నేరుగా పట్టించుకునేది తక్కువే. తుంటి కీలు సులువుగా తిరగాలి, పిరుదుల కండరాలు, తొడ వెనక కండరాలు గట్టిపడాలి, నడుము నిలకడగా ఉండాలి. ఇవి బరువు మోస్తే మోకాలికి భారం తగ్గుతుంది. ఇవి బద్ధకిస్తే అంతా మోకాలి చిప్ప మీదే పడుతుంది. నేలమీంచి బరువు ఎత్తడాలు, ఒంటికాలి మీద చేసే కసరత్తులు అందుకే. సీజన్ మొదలయ్యాక కథ మారిపోతుంది. బలం పెంచుకోవడం కాదు, ఉన్నది జారిపోకుండా చూసుకోవడం. వారానికి రెండుసార్లు కొద్దిసేపు బరువులు. జులై దాటాక మ్యాచ్‌కు ముందు చేసే సాధనలోనూ కోత. ఒంటి బరువు తగ్గిపోకుండా తిండి, చెమటకు సరిపడా నీళ్లు, ఉప్పు. కొన్ని జట్లు ఆటగాణ్ని ఓ పలక మీద నిలబెట్టి ఎగరమంటాయి. ఎగిరే ఎత్తు, బలం మామూలుకంటే తగ్గితే చాలు... 'బాగానే ఉంది' అని నోరు చెప్పినా కాళ్లు నిజం చెప్పేస్తాయి!

కూర్చునే తీరు కూడా మారింది. 1990లలో పిక్కల వెనక కట్టుకునే చిన్న మెత్తలు వచ్చాయి, పూర్తిగా కూర్చున్నప్పుడు వాటి మీద ఆనవచ్చు. గత కొన్నేళ్లుగా మేజర్ లీగ్‌లో ఎక్కువమంది క్యాచర్లు ఒక మోకాలు నేలకు ఆనించే కూర్చుంటున్నారు. అసలు ఉద్దేశం కిందుగా వచ్చే బంతిని అంపైరుకు అందంగా చూపించడం. మోకాళ్లకు కాస్త ఉపశమనం కలగడం దానికి కొసరు. పాతకాలపు వ్యాఖ్యాతలకు ఇది బొత్తిగా నచ్చదు, బద్ధకమంటారు. ఆ మాట అనేవాళ్లు ఓసారి పది నిమిషాలు మడమలు లేపి కూర్చుని చూస్తే బాగుంటుంది. 2023లో వచ్చిన పిచ్ క్లాక్ మ్యాచ్ సమయాన్ని సగటున దాదాపు 25 నిమిషాలు తగ్గించింది. కాళ్లకు అదీ మేలే, కాకపోతే బంతికీ బంతికీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి తగ్గింది.

ఇన్ని చేసినా విశ్రాంతికి బదులు లేదు. జెయింట్స్ క్యాచర్ బస్టర్ పోజీ కథే సాక్ష్యం. 2014లో పెరెజ్‌కు ఎదురుగా ఆడి గెలిచింది ఇతనే. 2018లో తుంటికి శస్త్రచికిత్స. 2019లో మొత్తం మీద ఏడు హోమ్‌రన్లు. 2020లో కరోనా వేళ, నెలలు నిండకుండా పుట్టిన కవల ఆడపిల్లలను దత్తత తీసుకుని ఆ సీజన్ మొత్తం ఇంట్లో ఉండిపోయాడు. 2021లో తిరిగొచ్చాడు. జట్టు అతన్ని పొదుపుగా వాడింది, ఆడించింది 113 మ్యాచ్‌లు. 18 హోమ్‌రన్లు కొట్టాడు, జెయింట్స్ 107 మ్యాచ్‌లు గెలిచి తన చరిత్రలోనే రికార్డు సృష్టించింది. ఆ వెంటనే, 34 ఏళ్లకు, ఇక చాలని సెలవు తీసుకున్నాడు.

ఇప్పుడు జట్లు ఎంచుకుంటున్న దారి ఇంకొకటి. క్యాచర్‌ను కొన్ని రోజులు ఫీల్డింగ్‌కు దూరంగా ఉంచి బ్యాటింగ్ మాత్రమే చేయిస్తారు. దీన్ని డిజిగ్నేటెడ్ హిట్టర్ అంటారు. 2022 నుంచి రెండు లీగుల్లోనూ ఈ వెసులుబాటు ఉంది. 2025లో సియాటిల్ మారినర్స్ క్యాచర్ కాల్ రాలీ 159 మ్యాచ్‌లు ఆడాడు. అందులో గొంతుక్కూర్చున్నది దాదాపు 120. మిగతా రోజుల్లో బ్యాటు మాత్రమే. ఫలితం... 60 హోమ్‌రన్లు! ఏ క్యాచరూ కలలోనైనా ఊహించని అంకె. అంతకుముందున్న 48 రికార్డు ఎవరిదో తెలుసా? సాల్వడార్ పెరెజ్‌దే. 2021లో అతనూ ఇలాగే నాలుగోవంతు మ్యాచ్‌ల్లో కూర్చునే పని తప్పించుకుని బ్యాటింగ్ చేశాడు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువారి పిల్లల్లో లిటిల్ లీగ్ ఆడేవాళ్లున్నారు. అక్కడ ఓ నిబంధన ఉంది. నాలుగు ఇన్నింగ్స్‌లు క్యాచర్‌గా ఉన్న పిల్లవాడు ఆ రోజు పిచ్చింగ్ చేయకూడదు. రెండు పనుల్లోనూ బంతి విసిరే చెయ్యి ఒక్కటే కదా! 'మా వాడు రెండూ చేయగలడు' అని మురిసిపోయే నాన్నలకు ఇది కాస్త చేదుమాత్ర.

మళ్లీ పెరెజ్ దగ్గరికి వద్దాం. 2015లో రాయల్స్ వరుసగా రెండో ఏడాది వరల్డ్ సిరీస్‌కు వచ్చింది. ఈసారి ప్రత్యర్థి మెట్స్. నవంబరు 1 రాత్రి, న్యూయార్క్‌లో ఐదో మ్యాచ్. స్కోరు సమం. పన్నెండో ఇన్నింగ్స్‌లో పెరెజ్ సింగిల్ కొట్టి మొదటి బేస్ చేరాడు. మేనేజరు నెడ్ యోస్ట్ వెంటనే అతన్ని బయటికి పిలిచి, బదులుగా పరుగెత్తడానికి జారొడ్ డైసన్‌ను పంపాడు. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికొచ్చినవాడు మళ్లీ ఆడకూడదు. డైసన్ రెండో బేస్‌కు దొంగపరుగు తీశాడు, కాసేపటికి గెలుపు పరుగూ అతనే సాధించాడు.

ఆఖరి మూడు వికెట్ల కోసం... అదే, మూడు అవుట్ల కోసం బ్యాటర్ల వెనక వచ్చి కూర్చున్నది రిజర్వు క్యాచర్ డ్రూ బుటెరా. ట్రోఫీ తెచ్చిన చివరి బంతి పడింది అతని గ్లవ్‌లోనే. ఆ పక్కన డగౌట్‌లోంచి, కవచాలేవీ లేకుండా, అందరితోపాటు పరుగెత్తుకొచ్చాడు పెరెజ్. సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి అతనికే ఇచ్చారు.